తొలకరికి ముందు పెరటి పని: దెబ్బ తగిలిన మొదటి అరగంట



రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అంటారు. ఆ ఎండలు కాస్త తగ్గి, మృగశిర ప్రవేశించి, మబ్బులు కనిపించే ఆ రెండు మూడు వారాల్లోనే పల్లెలో ప్రతి ఇంటివారికీ పెరడు గుర్తుకు వస్తుంది. ఇంటి మీదికి వాలిన వేపకొమ్మ గాలివానకు విరిగి పెంకుల మీద పడుతుందేమోనని ఒకరికి దిగులు. వానలు పడితే ఎండుపుల్ల దొరకదని, ఇప్పుడే నాలుగు కొమ్మలు కొట్టి పొయ్యి కట్టెలు దాచుకోవాలని ఇంకొకరికి ఆరాటం. కాపు అయిపోయిన మునగను నరకాలి, దడి కంప మార్చాలి, గడ్డివామి చుట్టూ శుభ్రం చేయాలి. పొలం పనులు మొదలైతే ఇక తీరిక ఉండదు కనుక ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి.

ఆ వారాల్లో మా క్యాజువాలిటీ రిజిస్టరు తిరగేస్తే పేజీ పేజీకీ అవే మాటలు. చెట్టు మీదనుండి పడుట. ముల్లు గుచ్చుకొనుట. కంట్లో రెమ్మ తగులుట. పాము కాటు. పెరటి పని మానుకోమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పని చేయవలసినదే, ఒంటికి మంచిదే. అయితే ఇన్నేళ్లుగా వార్డులో మేము గమనించిన సంగతి ఒకటి ఉంది. చాలామంది విషయంలో దెబ్బ ఎంత పెద్దది అన్నదానికంటే, ఆ తరువాతి అరగంటలో పక్కనున్నవారు ఏమి చేశారన్నదే ఆ మనిషి భవిష్యత్తును నిర్ణయించింది. ప్రేమతో చేసినదే కీడుగా మారిన సందర్భాలు మాకు బాగా గుర్తున్నాయి. అందువల్ల ఈసారి పాఠం దాని గురించే.

చెట్టు కొట్టే ముందు

ముందుగా చెట్టు గురించి రెండు మాటలు. పొగిడి పొగిడి ఒకరిని ముప్పులోకి నెట్టడాన్ని మునగచెట్టు ఎక్కించడం అంటాము. ఆ మాట ఊరికే పుట్టలేదు. మునగ కొమ్మ చూడడానికి లావుగా ఉన్నా పెళుసు, బరువు పడితే చెప్పకుండా విరుగుతుంది. కనుక మునగను ఎప్పుడూ ఎక్కకూడదు, ఎక్కవలసిన అవసరమూ లేదు. కాపు అయిపోయిన వెంటనే నేలనుండి సుమారు మూడు అడుగుల ఎత్తులో కోసివేస్తే కొత్త పిలకలు వచ్చి మళ్లీ కాస్తుంది. గింజతో నాటే పి.కె.ఎం.-1 రకానికి వ్యవసాయ శాఖవారు చెప్పే పద్ధతి కూడా ఇదే. అలా చేస్తే చెట్టు చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది, కాయలు కోయడానికీ ఎక్కనక్కరలేదు.

మామిడికి కత్తిరింపు కాయలు దింపాక, జూన్, జూలై నెలల్లో చేసుకోవచ్చు. ఎండుకొమ్మలు, లోపలికి పెరిగి ఒకదానినొకటి రాసుకునే కొమ్మలు, నేలకు తగిలేవి తీసివేస్తే చాలు. ఎండుకొమ్మ మీద మాత్రం కాలు వేయవద్దు. ఎర్రచీమల గూళ్లు ఉన్నాయేమో కింద నిలబడి చూసుకొని అప్పుడు ఎక్కాలి. చీమలు కుడితే చేతులు వదిలేసి పడినవారిని మేము చూశాము. తేనెపట్టు ఉన్న చెట్టు జోలికి అసలు వెళ్లవద్దు.

లావు కొమ్మను ఒక్క దెబ్బకు పైనుండి నరికితే అది విరిగేటప్పుడు బెరడు కాండం మీదుగా కిందికి చీలిపోతుంది. కొమ్మ ఎటు ఊగుతుందో మన చేతిలో ఉండదు. దానికి మూడు కోతల పద్ధతి ఉంది. కాండానికి ఒక అడుగు దూరంలో, కొమ్మ అడుగు భాగం నుండి పైకి మూడో వంతు వరకు రంపంతో కోయాలి. ఆ గాటుకు రెండు మూడు అంగుళాలు అవతల పైనుండి కోయాలి. అప్పుడు కొమ్మ దాని బరువుకు అదే విరిగి నేరుగా కిందికి పడుతుంది. చివరగా మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడను వదిలి, దాని పక్కగా నున్నగా కోసివేయాలి. గాయానికి బోర్డో పేస్టు పూస్తే కుళ్లు పట్టదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు దాని పాళ్లు. ఇంటి అవసరానికి ఇందులో పదో వంతు సరిపోతుంది. మైలుతుత్తం విషం కనుక మిగిలినది పిల్లలకు అందకుండా పెట్టాలి. నీలంగా మెరుస్తుంది, పసివాళ్లు చూడగానే చేయి చాపుతారు.

ఒక కొమ్మ కొట్టేటప్పుడు పైన ఒకరు ఉంటే కింద ముగ్గురు నిలబడి "ఇటు కొట్టు, అటు కొట్టు" అని చెప్పడం మన అలవాటు. పైవాడు పడకపోయినా కొమ్మ కిందివారి మీద పడుతుంది. చెట్టు ఎత్తు ఎంతో అంతకు రెండింతల దూరంలో నిలబడండి. బి.పి. మాత్రలు వాడేవారు, తల పైకెత్తితే కళ్లు తిరిగేవారు, అరవై దాటినవారు చెట్టు గాని నిచ్చెన గాని ఎక్కవద్దని మా మనవి. పోయిన సంవత్సరం తుంటి ఎముక విరిగి వచ్చిన ఒక పెద్దాయనను "పెద్దయ్యగారూ, ఒక మనిషిని కూలికి పెట్టించుకోకపోయారా?" అని అడిగాము. "రెండే కొమ్మలు కదా సిస్టరమ్మా, దానికెందుకు కూలి" అన్నారు. ఆ రెండో కొమ్మ దగ్గరే పడ్డారు ఆయన.

పడినవారిని లేపి కూర్చోబెట్టవద్దు

ఇది మా ఇంటి సంగతి కనుక కాస్త వివరంగా రాస్తున్నాము. 1990లో మేము నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్నగారు మేకలకు రొట్ట కోసం ఇంటి వెనుక వేపచెట్టు ఎక్కి జారి పడ్డారు. పన్నెండు అడుగులు కూడా ఉండదు. స్పృహలోనే ఉన్నారు, మాట్లాడారు. చుట్టుపక్కలవారు పరుగెత్తుకొని వచ్చారు. ఇద్దరు చెరొక చంక కింద చేతులు వేసి లేపి, చెట్టుకు ఆనించి కూర్చోబెట్టారు. మా అమ్మ నీళ్లు తాగించింది. "కాళ్లు తిమ్మిరెక్కాయి" అని నాన్నగారు అంటే, అదే తగ్గుతుందని పాదాలు రుద్దారు. తరువాత మోకాళ్లు ముడిచి రిక్షాలో కూర్చోబెట్టి పట్నం తీసుకెళ్లారు. ఆయన మళ్లీ నడవలేదు. పదకొండు సంవత్సరాలు మంచంలోనే ఉన్నారు. నరం పడినప్పుడే తెగిందో, లేపినప్పుడు తెగిందో డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేకపోయారు. మా అమ్మ మాత్రం బ్రతికినంతకాలం ఆ నీళ్ల గ్లాసు గురించే బాధపడేది. నీళ్ల వల్ల కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

వెన్నెముకలో ఎముక విరిగినా లోపలి నరాల తాడు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. ఆ స్థితిలో మనిషిని వంచితే, తిప్పితే, కూర్చోబెడితే విరిగిన ఎముక ముక్క కదిలి ఆ తాడును నొక్కవచ్చు, కోయవచ్చు. ఒకసారి దెబ్బతిన్న ఆ నరం చాలావరకు తిరిగి రాదు.

కనుక చెట్టు మీదనుండి, నిచ్చెన మీదనుండి పడినవారిని పడినచోటే ఉంచండి. ఒకరు తల వైపు మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి. తలను నిటారు చేయాలని లాగవద్దు. "కాలి వేళ్లు కదపగలరా? ముట్టుకుంటే తెలుస్తోందా?" అని అడగండి. కదపలేకపోతే, తిమ్మిరిగా ఉందంటే, మెడ లేదా నడుము నొప్పి అంటే వెన్నెముక దెబ్బే అనుకోవాలి. 2005లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. దానిలో గట్టి పలక, మెడకు పట్టీ ఉంటాయి. అది వచ్చేవరకు ఎండ పడకుండా గొడుగు పట్టుకోండి, చాలు.

అంబులెన్సు వచ్చే అవకాశమే లేని చోట ఇంటి తలుపు ఊడదీసి వాడవచ్చు. నులకమంచం పనికిరాదు, మధ్యలో కుంగుతుంది. దుప్పటిలో ఎత్తడం ఇంకా ప్రమాదం. నలుగురు కావాలి. తల పట్టుకున్నవారు "ఒకటి, రెండు, మూడు" అనగానే భుజం, తుంటి, కాళ్లు పట్టుకున్న ముగ్గురూ ఒక్క దుంగను దొర్లించినట్లు పక్కకు తిప్పి, తలుపు కిందికి జరిపి, మళ్లీ అలాగే వెల్లకిలా పడుకోబెట్టాలి. తలకు రెండు పక్కలా మడిచిన తువాళ్లు పెట్టి కట్టాలి. వాంతి వస్తే తల ఒక్కటే తిప్పవద్దు, మనిషినంతా అదే విధంగా పక్కకు తిప్పాలి. ఆటోలో కూర్చోబెట్టవద్దు. నీళ్లు, టీ, సోడా ఏవీ ఇవ్వవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు, వాంతయితే ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

పడి లేచి నడుస్తూ వచ్చేవారు కూడా ఉంటారు. వారికీ ఒక మాట. పొట్ట మీద, ఎడమ పక్కటెముకల మీద దెబ్బ తగిలితే లోపల ప్లీహం చిట్లి నెమ్మదిగా రక్తం కారవచ్చు. కొన్ని గంటల తరువాత ముఖం పాలిపోయి చెమటలు పట్టినా, భుజం నొప్పి వచ్చినా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయవద్దు.

కరెంటు తీగ

పెరట్లోని కొబ్బరి, మామిడి చెట్లు చాలా ఊళ్లలో తీగల్లోకి పెరిగి ఉన్నాయి. ఇనుప దోటి, అల్యూమినియం నిచ్చెన గురించి చెప్పనవసరం లేదు. వెదురు దోటి అయితే ఏమీ కాదనే నమ్మకం మాత్రం తప్పు. వానకు, మంచుకు తడిసిన వెదురు, పచ్చి కొమ్మ కూడా కరెంటును మోస్తాయి. 11 కె.వి. తీగకు తగలనక్కరలేదు, మరీ దగ్గరకు వెళ్లినా మెరుపులా దూకుతుంది. తీగ దగ్గర కొమ్మ కొట్టాలంటే 1912కు ఫోన్ చేయండి, లేదా సబ్‌స్టేషనులో చెప్పి లైన్‌మన్ వచ్చి లైను ఆపాక, వారి చేతే కొట్టించండి. రెండు మూడు రోజులు తిప్పుతారు, అది మాకూ తెలుసు. అయినా ఆగండి.

షాకు తగిలినవారిని పట్టుకోబోయి రెండో మనిషి పోవడం ప్రతి జిల్లాలో విన్నదే. ఇంటి వైరు అయితే ముందు మెయిన్ ఆపాలి. అది వీలుకాకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో వైరు నెట్టవచ్చు. వీధి లైను, 11 కె.వి. తీగ అయితే కర్ర కూడా పనికిరాదు. తెగిపడిన తీగకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, అందరినీ ఆపి, కరెంటు ఆపించాలి. ఆపిన తరువాత మనిషికి ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, రెండు అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు, అంబులెన్సు వచ్చేవరకు నొక్కుతూనే ఉండాలి. ఇది ఎలా చేయాలో చూపించమని మా నర్సులలో ఎవరిని అడిగినా చూపిస్తారు. పది నిమిషాలు పడుతుంది.

షాకు తగిలి లేచి కూర్చున్నా ఆసుపత్రికి రావాలి. చేతి మీద చిన్న మచ్చే కనిపించినా లోపల కండ చాలా దూరం కాలి ఉండవచ్చు. గుండె లయ తప్పవచ్చు. మూత్రం కాఫీ రంగులో వస్తే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని గుర్తు.

కంటికి తగిలిన రెమ్మ

మా లెక్కలో అందరికంటే ఆలస్యంగా వచ్చేవారు వీరే. కారణం, మొదటి రోజు పెద్దగా ఏమీ ఉండదు. దడి కంప లాగుతుంటే ఆకు అంచు, గడ్డి పోచ, చిన్న పుల్ల నల్లగుడ్డుకు గీరుకుంటుంది. కాస్త నీరు కారి తగ్గుతుంది. ఆ గీత ద్వారా ఆకు మీది బూజు లోపలికి పోతుంది. అది నెమ్మదిగా పెరిగే జాతి. మూడు రోజులకో వారానికో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ పడుతుంది. అప్పుడు కూడా ఇంట్లో చనుబాలు పిండుతారు, ఆముదం వేస్తారు, నందివర్ధనం రసం పిండుతారు. లేదా మందుల షాపులో "ఎర్రకన్నుకు చుక్కలు" అని అడుగుతారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఒకటి రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది. లోపల బూజు మాత్రం అడ్డు లేకుండా పెరుగుతుంది.

మామగారికి కంట్లో వరిగడ్డి తగిలితే తొమ్మిదో రోజున ఒక కోడలు మా దగ్గరికి తీసుకువచ్చింది. "మావయ్యగారు వద్దు వద్దన్నారండీ, చుక్కలతో తగ్గుతోంది కదా అన్నారు" అని చెప్పింది. పెద్ద కంటి ఆసుపత్రికి పంపాము. కన్ను నిలిచింది, చూపు చాలావరకు పోయింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. చుక్కలు సీసా మీద ఏముందో చదివి చెప్పేవారు ఆమెకు లేరు.

పుల్ల, ఆకు తగిలిన కంటిని శుభ్రమైన నీటితో కడిగి, నలపకుండా, అదే రోజు గాని మరునాడు గాని చూపించండి. ఆ మచ్చను కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూస్తే బూజు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. దానికి నాటమైసిన్ అనే చుక్కలు ఉన్నాయి. మొదట్లో గంటకొకసారి, కొన్ని వారాలు వేయాలి. ముల్లు గుడ్డులో దిగబడి ఉంటే పీకవద్దు. కంటి మీద బరువు పడకుండా పేపరు గ్లాసు బోర్లించి ప్లాస్టరు వేసి తీసుకురండి.

జిల్లేడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దడి పక్కన జిల్లేడు నరికేటప్పుడు పాలు కంట్లో చిందితే నొప్పి పెద్దగా ఉండదు. ఆ పాలకు తిమ్మిరి కలిగించే గుణం ఉంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. కొన్ని గంటలకు చూపు పొగమంచు కమ్మినట్లు అవుతుంది. జిల్లేడు గాని, జెముడు గాని, ఏ పాలు పడినా కుళాయి కింద కనీసం పదిహేను నిమిషాలు రెప్పలు తెరచి కడిగి వెంటనే రావాలి. మోటారు సైకిలు హెల్మెట్టు అద్దం, చదువుకునే కళ్లజోడు, ఏది ఉంటే అది పెట్టుకొని కొమ్మలు కొట్టండి. చూసి నవ్వేవారు నవ్వనివ్వండి.

ముల్లు, కత్తి గాటు, ధనుర్వాతం

తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ క్రిములు ఉండేది మట్టిలో, పశువుల పేడలో. తుమ్మ ముల్లు, పార అంచు, మెరిసే కొత్త కొడవలి, ఏదైనా సరే, మట్టి అంటితే చాలు. పైకి కనిపించే పెద్ద గాయం కంటే లోతుగా దిగి మూసుకుపోయిన చిన్న ముల్లు గాయం ఎక్కువ అపాయం. గాలి తగలని చోటే ఆ క్రిమి పెరుగుతుంది.

మేము చదువుకునే రోజుల్లో ధనుర్వాతం రోగులకు వేరే గది ఉండేది. కిటికీలకు నల్లగుడ్డలు. చెప్పులతో నడవనిచ్చేవారు కారు. ఒక గిన్నె చప్పుడైనా, దీపం వెలిగించినా రోగి విల్లులా వంగిపోయేవాడు. టీకాల వల్ల ఇప్పటి నర్సింగు విద్యార్థులలో చాలామంది ఆ రోగిని చూడకుండానే చదువు ముగిస్తున్నారు. బాలింతలకు, పసికందులకు వచ్చే ధనుర్వాతాన్ని భారతదేశం 2015లో నిర్మూలించినట్లు ప్రకటించారు. అయితే పెద్ద వయసు మగవారు చిన్నప్పటి టీకాలు లేక, కాన్పు సూదులూ వేయించుకునే అవకాశం లేక, ఇప్పటికీ రక్షణ లేకుండా ఉండిపోతున్నారు. పెరట్లో గొడ్డలి పట్టేది వారే.

గాయాన్ని సబ్బుతో, పారే నీటితో బాగా కడగండి. పేడ, కాఫీపొడి, సున్నం, పసుపు పెట్టవద్దు. టీకా పూర్తిగా వేయించుకున్నవారికి శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్ల లోపు వేసిన సూది చాలు. మట్టి అంటిన లోతు గాయమైతే ఐదేళ్లు దాటితే మళ్లీ వేయాలి. అసలు ఎప్పుడూ వేయించుకోనివారికి, గుర్తులేనివారికి అటువంటి గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే రెండో సూది కూడా అవసరం. ఇప్పుడు టి.టి. స్థానంలో టి.డి. ఇస్తున్నారు. అందులో డిఫ్తీరియాకు కూడా రక్షణ ఉంది. గాయం తగిలిన మూడు రోజులనుండి మూడు వారాలలోపు నోరు తెరవడం కష్టమైనా, దవడలు బిగిసినా, మెడ పట్టేసినా ఒక్క పూట కూడా ఆగవద్దు. ఆ జబ్బు వచ్చి తగ్గినవారికి కూడా మళ్లీ రాదనే భరోసా లేదు, వారు కూడా టీకా వేయించుకోవాలి.

విరిగిన ముల్లును పిన్నీసుతో కెలికి తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. ఈత ముల్లు మోకాలి దగ్గర, వేలి కణుపు దగ్గర దిగితే నెలల తరువాత కూడా ఆ కీలు వాస్తుంది. ఎక్స్‌రేలో ముల్లు కనిపించదు, స్కానింగులో కనిపిస్తుంది. కనుక ఎప్పుడో గుచ్చుకున్న సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. షుగరు ఉన్నవారికి ముల్లు దిగినా తెలియదు. చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లవద్దు, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు ఇంట్లో వారి చేత చూపించుకోండి.

ఆకుల కుప్ప కింద

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాము కాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే సగటున ఏడాదికి 58,000 మంది చనిపోయారు. అందులో సగం జూన్ నుండి సెప్టెంబరు మధ్యనే. ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాలలో మన ప్రాంతం కూడా ఉంది. కట్టెల మోపు, గడ్డివామి, పిడకల గూడు, ఎండాకుల కుప్ప, వీటిలోకి ఎలుక వస్తుంది. ఎలుక వెనుక పాము వస్తుంది. చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. కట్టెలను గోడకు ఆనించకుండా, నేలనుండి ఒక అడుగు ఎత్తులో పేర్చండి.

కరిచినప్పుడు తాడు కట్టవద్దు. బిగించి కట్టిన కాలు నల్లబడి తీసివేయవలసి వచ్చినవారు ఉన్నారు. బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు. రక్తపింజరి కాటుకు రక్తం గడ్డకట్టదు, కోసిన చోటునుండి ఆగకుండా కారుతుంది. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చేయో కదలకుండా కర్ర ఆధారంగా వదులుగా కట్టి, నడిపించకుండా తీసుకురండి. పామును చంపి సంచిలో తెచ్చే పని పెట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు. మా దగ్గర రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందో లేదో చూస్తాము. రెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నారా చూస్తాము. "చిన్నపిల్లాడికి పెద్దవాళ్లంత మందా?" అని తల్లులు భయపడి అడుగుతుంటారు. పాము పిల్లవాడికి తక్కువ విషం ఎక్కించదు కదా, అందుకే అదే మోతాదు. బాగున్నట్లే కనిపించినా ఇరవై నాలుగు గంటలు ఉంచుతాము. ఆ రాత్రి ఇంటికి తీసుకుపోతామని దయచేసి పట్టుపట్టవద్దు.

ఎర్రతేలు కుట్టిన పిల్లవాడికి నొప్పి కంటే చెమటలు, వాంతులు, చేతులు చల్లబడడం ముఖ్యమైన గుర్తులు. విషం గుండె మీద పనిచేస్తోందని అర్థం. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరిలో పనిచేసిన డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే బి.పి. మాత్ర దీనికి పనిచేస్తుందని చూపించారు. అంతకుముందు ఎందరో పిల్లలు చనిపోయేవారు. ఆ మాత్ర ఇంట్లో వేయకూడదు, ఆసుపత్రిలో పడుకోబెట్టి బి.పి. చూస్తూ ఇవ్వాలి.

మునగ మొదట్లో వానాకాలం గుంపుగా చేరే గొంగళి పురుగుల నూగు అంటుకుంటే గోకకుండా, ప్లాస్టరు అతికించి లాగితే నూగు వచ్చేస్తుంది, తరువాత కడగాలి. మామిడి సొన పడితే వెంటనే సబ్బుతో కడగాలి. కొట్టిన రొట్టను తగలబెట్టకుండా గుంత తీసి కుళ్లబెడితే ఎరువవుతుంది, ఉబ్బసం ఉన్న ఇంటి పక్కవారు రాత్రంతా దగ్గకుండా నిద్రపోతారు. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పగిలిన కుండలు వాన రాకముందే తీసివేయండి. డెంగీ దోమ గుడ్లు పొడి గోడకు అంటుకొని నెలల తరబడి బ్రతికి ఉండి, తొలకరి చినుకుతో పగులుతాయి. తొట్టిని ఖాళీ చేస్తే సరిపోదు, పీచుతో రుద్ది వారానికి ఒకరోజు ఆరబెట్టాలి.

పెరటి పని మొదలుపెట్టే రోజున ఇంట్లో ఎవరికి ధనుర్వాతం సూది ఏ సంవత్సరంలో వేశారో ఒక చీటీ మీద రాసి, 108, 1912 నంబర్లతో పాటు వంటింటి తలుపు వెనుక అంటించుకోండి. ఎవరికీ గుర్తులేకపోతే ఆ వరుసలో ఏమీ రాయకుండా వదిలేసి, చీటీ పట్టుకొని మా ఓ.పి.కి రండి. టీకా గదిలో సిస్టరును అడిగితే వేయవలసిన సూది వేసి, ఆ ఖాళీలో తేదీ ఆమే రాసి ఇస్తుంది.